కార్పల్ టన్నెల్ తిమ్మిరికి నేను చేసిన చేతి వ్యాయామాలు

రాత్రిళ్లు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందని, డాక్టరు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ (మణికట్టులో నరం నలగడం) అన్నారని, ఆపరేషన్ లేకుండా వ్యాయామాలతో తగ్గుతుందా అని మీరు అడిగారు. తొలిదశలో ఉంటే చాలామందికి తగ్గుతుంది, నాకూ తగ్గింది. అయితే వ్యాయామాలు ఒక్కటే తగ్గించాయని మాత్రం చెప్పలేను.

నేను కుట్టుపని చేస్తాను. రెండేళ్ల క్రితం తెల్లవారుజామున మూడింటికి లేచి, మంచం అంచున కూర్చుని, తడి చేతిని విదిలించినట్టు విదిలించుకునేదాన్ని. పగలు సూది జారిపోతే ఆ సంగతి కళ్లు చెప్పాలి తప్ప వేళ్లకు తెలిసేది కాదు. చేతిలో బలం తగ్గిందనుకుని రబ్బరు బంతి తెచ్చుకుని పొద్దస్తమానం పిసికాను. రెండు వారాలకల్లా తిమ్మిరి ఇంకా పెరిగింది. దయచేసి మీరు ఆ పని చేయకండి.

ఎందుకు పెరిగిందో ఫిజియోథెరపిస్టు వివరించాక అర్థమైంది. మణికట్టులో అడుగున, పక్కల చిన్న ఎముకలుంటాయి, అరచేతి వైపు గట్టి లిగమెంటు (ఎముకలను కలిపి పట్టే పట్టీ) కప్పులా ఉంటుంది. ఆ ఇరుకు దారిలోంచే వేళ్లను ముడిచే 9 టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి), వాటి పక్కనే మీడియన్ నరం వెళ్తాయి. ఎముకలు జరగవు, లిగమెంటు సాగదు, కాబట్టి లోపల ఏది వాచినా నలిగేది నరమే. పిడికిలి గట్టిగా బిగిస్తే అక్కడ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం ఈ నరం కిందికి వస్తాయి. చిటికెనవేలు రాదు. మీకు చిటికెనవేలే ఎక్కువగా తిమ్మిరెక్కుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, అది వేరే నరం కావచ్చు.

నాకు నేర్పినవి రెండే. మొదటిది టెండన్లు ఒకదాని పక్కన ఒకటి సులువుగా జారడానికి. మోచేయి బల్ల మీద ఆనించి, మణికట్టు తిన్నగా, వేళ్లు నిటారుగా పెట్టాలి. ముందు వేళ్ల పై రెండు కణుపులను మాత్రమే ముడిచి కొక్కెంలా చేయాలి. అరచేతిని ఆనుకుని ఉన్న కణుపులు కదలకూడదు. మళ్లీ నిటారుగా తెచ్చి, ఈసారి పూర్తి పిడికిలి, లోపల గుడ్డు ఉన్నంత మెత్తగా. తర్వాత అరచేతి దగ్గరి కణుపుల వద్ద మాత్రం వంచి, వేళ్లను బల్ల పలకలా చదునుగా చాపాలి. చివరగా కొస కణుపులు ముడవకుండా వేలికొసలను అరచేతి అడుగుకు ఆనించాలి. ఒక్కో భంగిమలో మూడు నాలుగు సెకన్లు ఆగితే చాలు. నేను ఐదేసి సార్లు, రోజుకు మూడు పూటలు చేశాను.

రెండోది నరానికి, దీనికి చాలా ఓపిక కావాలి. వదులు పిడికిలితో మొదలుపెట్టి వేళ్లు చాపాలి. ఆపైన మణికట్టును నెమ్మదిగా వెనక్కి వంచాలి, బొటనవేలిని పక్కకు తెరవాలి, అరచేయి పైకి చూసేలా చేతిని తిప్పాలి. ఆఖరి మెట్టులో రెండో చేత్తో బొటనవేలిని సుతారంగా వెనక్కి పట్టాలి. తిమ్మిరి ఎక్కడ మొదలైతే అక్కడే ఆగి, ఒక మెట్టు వెనక్కి రావాలి. మొదటి నెలంతా నేను మణికట్టు వంచే మెట్టు దాటలేదు. కండరాన్ని సాగదీసినట్టు నరాన్ని సాగదీస్తే మరింత చికాకుపడుతుంది. ఈ రెండింటినీ మొదటిసారి ఫిజియోథెరపిస్టు ఎదుట చేసి సరిచూసుకోండి, చదివి చేసినప్పుడు కొక్కెం దగ్గరే చాలామంది తప్పుతారు.

నాకు అన్నిటికంటే మేలు చేసింది రాత్రి కట్టుకునే స్ప్లింటు, అంటే మణికట్టు వంగకుండా పట్టి ఉంచే కట్టు. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది, అందుకే తిమ్మిరి రాత్రి ఎక్కువ. స్ప్లింటు చేతిని తిన్నగా ఉంచాలి. నేను కొన్నదానిలోని లోహపు పట్టీ చేతిని వెనక్కి వంచి పట్టేది, ఫిజియోథెరపిస్టు దాన్ని బయటికి తీసి తిన్నగా సరిచేసి ఇచ్చారు. మీదీ ఒకసారి పక్కనుంచి చూడండి. ఆరు వారాలు మానకుండా కట్టుకున్నాను. మూడో వారంలో ఒక రాత్రి తెల్లారేదాకా మెలకువే రాలేదు, లేచాక చాలాసేపు ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. పగలు అరగంటకోసారి కత్తెర పక్కన పెట్టడం కూడా అప్పుడే అలవాటైంది.

థైరాయిడ్ హార్మోన్ తగ్గడం, మధుమేహం, కీళ్లవాతం, గర్భం, వీటివల్ల కూడా ఇది రావచ్చు. నాకు రక్తపరీక్షలు చేశాకే మిగతా వైద్యం మొదలుపెట్టారు. మీకు చేయకపోతే అడగండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మా పెద్దమ్మ ఏళ్ల తరబడి నూనె రాసుకుంటూ నెట్టుకొచ్చింది. ఆపరేషన్ చేసి లిగమెంటును కోసి నరానికి చోటిచ్చాక రాత్రి నొప్పి పోయింది గానీ, వేలికొసల్లో స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. ఇవాళే రెండు అరచేతులూ వెలుతురులో పక్కపక్కన పెట్టి, బొటనవేలి మొదట్లో ఉండే కండను పోల్చి చూడండి. ఒకవైపు పల్లంగా కనిపించినా, తిమ్మిరి రాత్రీ పగలూ వదలకుండా ఉన్నా, వ్యాయామాలతో నెలలు గడపకుండా ఈ వారమే డాక్టరును కలిసి నరాల పరీక్ష గురించి మాట్లాడండి.