ఐస్‌లాండ్ కొండల్లో ఒక్క రోజు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఐస్‌లాండ్ మధ్యభాగంలో మనుషులు కాపురం లేని కొండప్రాంతం ఉంది. సొంతానికి బండి మాట్లాడుకుని అక్కడి జలపాతాలు, వేడినీటి ఊటలు ఒక్క రోజులో చూసి రావడంపై తిరుపతి, చిత్తూరు వైపు పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

*ప్రశ్న: జులైలో మా అబ్బాయి దగ్గరికి లండన్ వెళ్తున్నాం. అక్కణ్ణుంచి నాలుగు రోజులు ఐస్‌లాండ్. గేసిర్ ఊటలు, గుల్‌ఫోస్, హౌయిఫోస్ జలపాతాలు, లాండ్‌మన్నలోయ్‌గర్ వేడినీటి మడుగు, కెర్లింగర్‌ఫ్యోల్ కొండలు అన్నీ ఒకే రోజులో చూపిస్తామని ఒక ఏజెంటు అంటున్నాడు. అవుతుందా?*
– పాఠకురాలు, తిరుపతి

కాదు. పటంలో అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి గానీ తారురోడ్డు అయిపోయాక మిగిలేది గులకరాళ్ల దారి. దాని మీద గంటకు 30 నుంచి 50 కిలోమీటర్లకు మించి నడవదు. రోజుకు ఒక దిక్కే పెట్టుకోండి.

మొదటిది తూర్పు దిక్కు. రాజధాని రేక్యవిక్‌లో ఉదయం 7 గంటలకు బయల్దేరి, 57 కిలోమీటర్ల దూరంలోని సెల్‌ఫోస్‌లో డీజిల్ నింపుకుని, 9 లోపు హ్యౌల్పార్‌ఫోస్ చేరాలి. రెండు పాయలుగా పడే చిన్న జలపాతం అది. బండి దిగిన చోటే కనిపిస్తుంది, మోకాళ్ల నొప్పులవాళ్లకూ సరిపోతుంది. దానికి దగ్గర్లోనే గ్యౌయిన్ అనే పచ్చటి లోయ, 1104లో హెక్లా అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిదలో కూరుకుపోయిన స్టోంగ్ అనే పాతకాలపు ఇంటి పునాదులు ఉన్నాయి. పదిన్నరకల్లా హౌయిఫోస్. అక్కడ గంటసేపు. తర్వాత ఎఫ్ 208 అనే కొండదారిలో సిగోల్డుగ్ల్యూఫుర్ అనే లోయ దగ్గర ఒక పావుగంట ఆగితే లోయ గోడల నుంచి సన్నటి ధారలు వరసగా పడుతుంటాయి. ఒకటిన్నరకు లాండ్‌మన్నలోయ్‌గర్. మూడు గంటలు ఉండి నాలుగున్నరకు బయల్దేరితే రాత్రి ఎనిమిదిన్నరకు మళ్లీ రేక్యవిక్. జులైలో అప్పటికీ పట్టపగల్లానే ఉంటుంది కాబట్టి చీకటి భయం లేదు, అలసట ఒక్కటే.

రెండోది ఉత్తరపు దిక్కు. గేసిర్, గుల్‌ఫోస్ ఒకదానికొకటి 10 కిలోమీటర్లే. గుల్‌ఫోస్ దాటాక ఎఫ్ 35 మీద సుమారు 70 కిలోమీటర్లు వెళ్తే కెర్లింగర్‌ఫ్యోల్. అక్కడి క్వెరాదాలిర్ లోయలో నేలంతా ఎర్రగా, పసుపుపచ్చగా ఉండి అడుగడుగునా ఆవిరి లేస్తుంటుంది.

ప్రకృతి మధ్య స్నానమే ముఖ్యమైతే తూర్పుకు వెళ్లండి. ముందురోజు గట్టిగా వాన పడితే ఉత్తరానికి మారండి. ఎఫ్ 35 మీద బండిని నీళ్లలోకి దించి దాటాల్సిన వాగులు లేవు. బండి మొత్తం మనదే అయినప్పుడు దక్కే అసలు లాభం ఇదే, వాతావరణం చూసి పొద్దున్నే దిక్కు మార్చుకోవచ్చు. ఐదు చోట్లూ ముందే రాసి ఇచ్చే ఏజెంటు ఆ లాభాన్నే మీ చేతిలోంచి లాగేసుకుంటున్నాడు.

ఇంకో మాట. లండన్ వీసాతో ఐస్‌లాండ్‌లో అడుగుపెట్టలేరు. అది షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే ఐరోపా దేశాల కూటమి) దేశం, వేరే వీసా కావాలి. దాంతో పాటు కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులు భరించే ప్రయాణ బీమా కూడా చూపించాలి.

*ప్రశ్న: మా తమ్ముడు భాకరాపేట ఘాట్, తిరుమల ఘాట్ కళ్లు మూసుకుని నడుపుతాడు. డ్రైవరు ఎందుకు, కారు అద్దెకు తీసుకుంటే చాలదా?*
– పాఠకుడు, చిత్తూరు

ఘాట్ రోడ్డు అనుభవం మలుపులకు పనికొస్తుంది. ఇక్కడి సమస్య మలుపులు కావు, వాగులు. పైగా బండి కుడివైపు నడపాలి.

పేరు ముందు 'ఎఫ్' ఉన్న దారుల్లో నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి మాత్రమే వెళ్లాలన్నది చట్టం. చిన్న కారు తీసుకెళ్తే జరిమానాతో పాటు బీమా కూడా చెల్లదు. పెద్ద బండే తీసుకున్నా, వాగు దాటేటప్పుడు నీళ్ల వల్ల జరిగే నష్టాన్ని మామూలు అద్దె బీమా భరించదు. ఒప్పందంలో ఆ ఒక్క వాక్యం వెతికి చదవండి.

నష్టం ఎలా జరుగుతుందంటే, గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తాయి. గాలి నలుగుతుంది గానీ నీళ్లు నలగవు. పిస్టన్ పైకి రాబోయి అడ్డం పడేసరికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అక్కడితో ఇంజను పని అయిపోయినట్టే. వాగులో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దని అందుకే అంటారు.

దాటాల్సి వస్తే పద్ధతి ఇది. ముందు ఆగి, వేరే బండి దాటుతుంటే చూడండి. వాగు ఇరుగ్గా, పైన నున్నగా ఉంటే లోతు ఎక్కువని అర్థం; వెడల్పుగా, చిన్న చిన్న అలలతో ఉన్నచోటు లోతు తక్కువ. నడిచి దాటడానికి భయం వేసేంత నీళ్లుంటే బండీ దించకూడదు. దిగేముందే లో-రేంజ్ (వేగం తగ్గించి చక్రాలకు ఎక్కువ బలం ఇచ్చే అమరిక), మొదటి గేరు వేయండి. ప్రవాహం పోయే వైపుకు కాస్త ఏటవాలుగా, నడక వేగంతో, మధ్యలో గేరు మార్చకుండా, ఆగకుండా పోవాలి. మంచుగడ్డలు కరిగి వచ్చే వాగుల్లో పొద్దున నీళ్లు తక్కువ. ఎండకు మంచు కరుగుతుంది కాబట్టి మధ్యాహ్నానికి మట్టం పెరుగుతుంది. పొద్దున సులువుగా దాటిన వాగు సాయంత్రం తిరిగొచ్చేసరికి దాటనివ్వకపోవచ్చు. ఎఫ్ 225లోనూ, ఎఫ్ 208 దక్షిణ భాగంలోనూ వాగులు ఉన్నాయి.

తమ్ముడికి నడపాలనే కోరిక తీరాలంటే మధ్యేమార్గం ఒకటుంది. ఎఫ్ 208 ఉత్తర భాగం, అంటే సిగాల్డా అనే చోటి నుంచి లాండ్‌మన్నలోయ్‌గర్ వరకు ఉన్న సుమారు 27 కిలోమీటర్లలో వాగులు రావు. చివర్లో మాత్రం వస్తాయి. వాటికి ముందే పార్కింగ్ ఉంది. బండి అక్కడ వదిలి కాలివంతెన మీద నడిచి అటు చేరొచ్చు. 2024 నుంచి వేసవిలో పగటిపూట అక్కడ కారు పెట్టాలంటే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. దారంతా అట్టముక్క మడతల్లా గట్లుగట్లుగా ఉంటుంది. వేగంగా పోతే టైరు పగులుతుంది.

దారి వదిలి పక్కకు చక్రం దించడం మాత్రం పెద్ద నేరం. నాచు మీద పడిన గాడి పూడడానికి దశాబ్దాలు పడుతుంది. జరిమానాలు గట్టివి.

ముసలివాళ్లు, పిల్లలు ఉంటే డ్రైవరుతో బండే మాట్లాడుకోండి. 38 అంగుళాలు, అంతకన్నా పెద్ద టైర్లున్న 'సూపర్ జీపు'లు దొరుకుతాయి. ధర బండికి చెప్తారు, మనిషికి కాదు. ఇద్దరికి బరువే గానీ ఐదారుగురికి తేలిక.

*ప్రశ్న: వేడినీళ్లలో నిజంగా దిగొచ్చా? చర్మం కాలదా? మా అత్తమ్మకు బీపీ ఉంది. బట్టల సంగతి కూడా చెప్పండి, చీరతో దిగొచ్చా?*
– పాఠకురాలు, పీలేరు

దిగే నీళ్లు వేరు, దూరం నుంచి చూసే నీళ్లు వేరు. గేసిర్, క్వెరాదాలిర్ ఊటలు మరిగేంత వేడి, వేలు కూడా పెట్టకూడదు. ఆవిరి వచ్చేచోట పైన గట్టిగా కనిపించే మట్టి పొర పలచగా ఉండి, కాలు పెడితే కింద ఉడికే బురదలోకి దిగిపోతుంది. తాళ్లు కట్టిన దారి మీదే నడవండి.

లాండ్‌మన్నలోయ్‌గర్‌లో సంగతి వేరు. 1477 ప్రాంతంలో పారి గడ్డకట్టిన లోయ్‌గహ్రోయ్‌న్ అనే లావా అంచు కింది నుంచి వేడినీళ్లు, పక్కనుంచి చన్నీళ్లు వచ్చి కలుస్తాయి. కలిసినచోట 36 నుంచి 40 డిగ్రీలు ఉంటాయి, అంటే మన ఒంటి వేడే. ఊట వైపు జరిగితే వేడి పెరుగుతుంది, దూరం జరిగితే తగ్గుతుంది. మీకు సరిపడే చోటు పాదంతో వెతుక్కుని కూర్చోండి. లోతు లేదు, ఈత రాకపోయినా భయం లేదు.

బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. సరేనంటే పది పదిహేను నిమిషాలు చాలు, నీళ్లు ఛాతీ దాకా రాకుండా కూర్చోవాలి. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకూడదు. వేడికి రక్తనాళాలు వెడల్పై బీపీ పడిపోతుంది, పైన ఈదురుగాలి, కళ్లు తిరుగుతాయి. ఒకరు తువ్వాలుతో గట్టున సిద్ధంగా ఉండాలి.

చీర వద్దు. నూలు గుడ్డ తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, బయటికి వచ్చాక ఆరదు. పొడుగు చేతుల ఈత చొక్కా, నైలాన్ లెగ్గింగ్ వేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. నీళ్లలో సబ్బు, షాంపూ, నూనె వాడకూడదు. పసుపు కుంకుమలు చల్లడం, పూలు, చిల్లర వేయడం కూడా వద్దు. పుష్కరిణి అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి వెళ్తుందని తెలుసు, అందుకే చెప్తున్నాం.

వేసవి చివర్లో ఆ నీళ్లలో దిగినవాళ్లకు ఒక్కోసారి ఒళ్లంతా దద్దుర్లు, దురద వస్తాయి. బాతుల్లో, నత్తల్లో బతికే ఒక పరాన్నజీవి పిల్లపురుగులు చర్మంలోకి దూరి అక్కడే చచ్చిపోవడం దానికి కారణం. ప్రమాదం కాదు, కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. బయటికి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడుచుకోండి, ఎక్కువసేపు నానకండి.

*ప్రశ్న: మెట్టెలు, పట్టీలు తీయాలా?*
– పాఠకురాలు, పుత్తూరు

తీయండి. ఆవిరిలో, నీళ్లలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండిని నల్లగా మారుస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. బంగారానికి ఏమీ కాదు. మెట్టెలు తీయడం ఇష్టం లేకపోతే ఉంచుకోండి, ఇంటికి వచ్చాక గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వేడినీళ్లు పోసి, చెంచాడు వంటసోడా వేసి, వెండి ఫాయిల్‌కు తగిలేలా ఐదు నిమిషాలు ఉంచితే నలుపు పోతుంది. రాళ్లు పొదిగినవైతే ఈ పని చేయకండి.

*ప్రశ్న: హౌయిఫోస్ మన తలకోన కన్నా పెద్దదా? కింద తడవొచ్చా?*
– పాఠకుడు, శ్రీకాళహస్తి

తలకోన 270 అడుగులు, హౌయిఫోస్ 122 మీటర్లు, అంటే 400 అడుగులు. పక్కనే గ్రాన్ని అనే ఇంకో జలపాతం. తలకోనలో మనం కింద నిలబడి తడుస్తాం. ఇక్కడ చూసేది పైనుంచి, లోయకు ఈవలి గట్టు మీద నిలబడి. చాలాచోట్ల కంచె లేదు, అంచు మట్టి పొడిపొడిగా జారుతుంది. అంచుకు రెండు మూడు మీటర్లు ఇవతలే ఆగండి, గాలి ఉన్నరోజు పిల్లల చెయ్యి వదలకండి. ఫొటోకి పడుకుని అంచులోంచి తల బయటపెట్టేవాళ్లను చూసి మీరు చేయొద్దు. కిందికి దిగే కాలిబాట ఉంది గానీ దిగి ఎక్కితే ఆ రోజు మిగతా చోట్లకు సమయం చాలకపోవచ్చు.

*ప్రశ్న: శాకాహారులం. దారిలో ఏం తినాలి?*
– పాఠకుడు, కాణిపాకం

తూర్పు దారిలో సెల్‌ఫోస్ దాటాక తిండి దొరుకుతుందని నమ్ముకోవద్దు. పొద్దున్నే వండి కట్టుకోండి. చలికి అన్నం గట్టిపడుతుంది కాబట్టి పులిహోర కన్నా చపాతీ, ఊరగాయ, వేరుశనగ ఉండలు మేలు. ఫ్లాస్కులో వేడినీళ్లు ఉంటే ఉప్మా పొడి కలుపుకోవచ్చు. చన్నీళ్ల కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, బాటిల్ కొనడం దండగ. వేడినీళ్ల కుళాయి వాసన వస్తుంది, అది తాగడానికి పట్టకండి.

ఇంటి నుంచి పాలకోవా, నెయ్యి, పనీర్ తీసుకెళ్లొద్దు. ఐరోపా బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం. శ్రీవారి లడ్డూ ఉంటే దాచకుండా విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల రెడ్ ఛానల్‌లో చూపించండి, నిర్ణయం అధికారిది.

*ప్రశ్న: జులైలో కూడా స్వెట్టర్ కావాలా? గొడుగు?*
– పాఠకుడు, రేణిగుంట

కావాలి. కొండ మీద జులైలో 5 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది, గాలికి ఇంకా తక్కువగా అనిపిస్తుంది. ఒంటికి ఉన్ని లేదా సింథటిక్ బనియను, దాని మీద ఫ్లీసు, పైన గాలీవానా ఆపే కోటు, ప్యాంటు. జీన్సు తడిస్తే ఆ రోజంతా వణుకుతారు. గొడుగు ఇంట్లోనే పెట్టండి, గాలి తిప్పేస్తుంది. కారు తలుపు తెరిచేటప్పుడు రెండు చేతులతో పట్టుకోండి. గాలికి తలుపు కీళ్లు విరగడం అక్కడ తరచూ జరిగేదే, ఆ నష్టాన్ని చాలా బీమాలు భరించవు.

*ప్రశ్న: అడ్వాన్సు కట్టేముందు బండివాళ్లను ఏం అడగాలి?*
– పాఠకురాలు, పలమనేరు

దారి మూసేస్తే ఏం చేస్తారని మొదట అడగండి. ఎఫ్ దారులు మామూలుగా జూన్ మధ్య నుంచో చివరి నుంచో సెప్టెంబరు దాకా తెరిచి ఉంటాయి, తేదీ మంచును బట్టి మారుతుంది. జూన్ మొదటి వారానికి బుక్ చేసుకుని, 'కొండల్లోకి' అని రాసి ఉన్నా తారురోడ్డు మీదే తిరిగొచ్చినవాళ్లు ఉంటారు. మూసేస్తే డబ్బు వాపసా, వేరే దిక్కా, ఎవరు నిర్ణయిస్తారు అన్నది రాతలో తీసుకోండి. తర్వాత గంటలు అడగండి. 8 గంటల ట్రిప్పు అంటే లాండ్‌మన్నలోయ్‌గర్‌లో మీకు మిగిలేది గంట కూడా కాదు, కనీసం 12 గంటలు ఉండాలి. పార్కింగ్ బుకింగ్ ఎవరు చేస్తారు, పిల్లల సీటు ఇస్తారా, హోటల్ నుంచి తీసుకెళ్తారా అన్నవి ఆ తర్వాత.

ముందురోజు రాత్రి ప్రభుత్వ రోడ్ల వెబ్‌సైటులో మీ దారి రంగు చూసుకోండి. ఎర్రగా ఉంటే పొద్దున డ్రైవరు ఎంత ధైర్యం చెప్పినా ఆ దిక్కుకు వెళ్లకండి. అత్యవసరానికి నంబరు 112. కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో హోటల్ కౌంటర్‌లో చెప్పి బయల్దేరండి.