మిల్టన్ కీన్స్ సిటీ సెంటర్ దగ్గర ఇల్లు తీసుకోవచ్చా?

మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగం వచ్చింది, సిటీ సెంటర్ దగ్గరే ఇల్లు చూసుకుందామంటే "అక్కడ కాంక్రీటూ రౌండబౌట్లూ తప్ప ఏమీ లేవు" అని లండన్‌లోని మీ వాళ్లు అంటున్నారు, నిజమేనా అని అడిగారు. మేం సెంటర్‌కి ఆనుకునే, ఓల్డ్‌బ్రూక్‌లో ఉంటాం. ఆ మాట అనేవాళ్లలో చాలామంది కార్లో వచ్చి, షాపింగ్ చేసుకుని, కార్లోనే వెళ్లిపోయినవాళ్లు. ఈ సెంటర్ నడిస్తేనే తెలుస్తుంది. నచ్చేవీ తెలుస్తాయి, విసిగించేవి ఇంకా బాగా తెలుస్తాయి.

1967లో ప్రభుత్వం కొత్త పట్టణంగా ప్రకటించి, పొలాల మధ్య స్కేలు పెట్టి గీసి కట్టిన ఊరిది. దాదాపు కిలోమీటరుకొక పెద్ద రోడ్డు, నిలువు వాటికి వి నంబర్లు, అడ్డం వాటికి హెచ్ నంబర్లు. సెంటర్లో సిల్బరీ, మిడ్‌సమ్మర్, ఏవ్‌బరీ అని మూడు వెడల్పాటి బూలవార్డులు పక్కపక్కనే సాగుతాయి. బ్రిటన్‌లో వేరేచోట్ల కనిపించే పాత హై స్ట్రీట్, అంటే షాపులు వరసగా ఉండే ఊరి ముఖ్య వీధి, ఇక్కడ వెతక్కండి. అది కావాలంటే ఈ ఊరి పరిధిలోనే స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ ఉంది, అక్కడికి వెళ్లాలి.

స్టేషన్లో దిగి మిడ్‌సమ్మర్ బూలవార్డ్ పట్టుకుంటే షాపింగ్ భవనానికి పావుగంట పైనే నడక, కొద్దిగా ఎగువకి. రెండు పక్కలా చెట్లు. ఆఫీసు, పార్కింగ్, మళ్లీ ఆఫీసు, మళ్లీ పార్కింగ్. ఎదురుగా కనిపిస్తున్న భవనం ఎంత నడిచినా రాదు! అసలు చిక్కు ఇదే. జనం లేక కాదు, ఇంత జాగాలో ఎంతమంది ఉన్నా పలచగా కనిపిస్తారు. పైగా ఈ రోడ్డుని మిడ్‌సమ్మర్ రోజు, అంటే జూన్‌లో పగలు బాగా పొడుగ్గా ఉండే రోజు, పొద్దున సూర్యుడు పొడిచే దిక్కుకి సూటిగా ఉండేలా గీశారు. అంత ముచ్చటగా గీసినదానికి అడ్డంగా 2000లో ఇంకో మాల్ లేపారు. దాన్ని చుట్టి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

1979లో మార్గరెట్ థాచర్ ప్రారంభించిన పాత షాపింగ్ భవనం మాత్రం నాకిష్టం. పైనుంచి పగటి వెలుతురు పడుతుంది, లోపల మొక్కలు, ట్రావర్టీన్ రాతి నేల. 2010లో దాన్ని గ్రేడ్ టూ రక్షిత కట్టడం చేశారు. ఇక గుమ్మాల నుంచి పార్కింగ్ మీదుగా బూలవార్డ్ దాకా నల్లటి స్టీలు స్తంభాల మీద కప్పులుంటాయి. పోర్ట్ కొషేర్ అంటారు. వానలో పాపని స్ట్రోలర్లో తోసుకుంటూ వెళ్తుంటే వాటి విలువ తెలిసొస్తుంది. వాటి కింద అడ్డంగా కార్లు వస్తుంటాయి కానీ డ్రైవర్లు సాధారణంగా ఆగుతారు. ఆగకపోవచ్చు కూడా, చూసుకుని దాటండి. పెద్ద రోడ్ల దగ్గరైతే అండర్‌పాస్‌లు. ర్యాంపులుంటాయి, పిల్లలకీ పెద్దవాళ్లకీ సుఖం. కాకపోతే గట్టి వాన పడ్డాక కొన్నింట్లో నీళ్లు నిలుస్తాయి.

కారుంటే పార్కింగ్ రంగులు గుర్తుపెట్టుకోండి. కార్లు నిలిపే చోట్లలో ఎరుపు వాటిల్లో రేటు ఎక్కువ, ఊదా రంగువాటిల్లో తక్కువ. ఊదావి కాస్త దూరం, అంతే.

చరిత్రే లేదన్నవాళ్లని సెంట్రల్ లైబ్రరీ వెనక్కి తీసుకెళ్లండి. అక్కడున్న సెక్లో దిబ్బ ఆంగ్లో-సాక్సన్ కాలంలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సభ తీర్చిన చోటు. చూడ్డానికి ఏముంది, గడ్డి మొలిచిన మట్టి గుట్ట.

సాయంత్రాల సంగతి మీ వాళ్లు చెప్పినదానికి దగ్గరే. షాపులు మూశాక ఆ పొడుగాటి భవనం తలుపులు కూడా పడిపోతాయి, అటువాళ్లు ఇటు రావాలంటే చుట్టు తిరగాలి. నాటకాల థియేటర్ వైపు, ఎక్స్‌స్కేప్ అనే ఇండోర్ స్కీయింగ్ ఉన్న వినోద భవనం వైపు సందడి ఉంటుంది, మిగతాదంతా ఖాళీ. ఆదివారం మరీను. పెద్ద షాపులు ఆ రోజు మొత్తం ఆరు గంటల సేపే తెరిచి ఉంచాలని ఇంగ్లండ్‌లో చట్టం ఉంది కదా, సాయంత్రం అయిదు దాటితే సెంటర్ బోసిపోతుంది. రాత్రిళ్లు వీధుల్లో తిరిగే అలవాటున్నవాళ్లకి ఇక్కడ తోచదు. అలాంటివాళ్లయితే లండన్‌లోనే ఉండి రోజూ రైల్లో రండి, ఫాస్ట్ ట్రైన్ దొరికితే యూస్టన్ నుంచి అరగంట పైచిలుకు.

ఇల్లు మాత్రం సెంటర్ నడి మధ్యలో కాకుండా అంచున చూడండి. ఉత్తరాన కానీబరో, దక్షిణాన ఓల్డ్‌బ్రూక్, ఫిషర్‌మీడ్ నడిచొచ్చే దూరం. క్యాంబెల్ పార్క్ కూడా దగ్గరే. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆఫీసు నుంచి ఆ ఇంటిదాకా చీకటి పడ్డాక ఒకసారి నడవండి, దారిలో ఎన్ని అండర్‌పాస్‌లు తగులుతాయో, వాటిల్లో లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోండి. కారు కొనేందుకు తొందరపడొద్దు. నడిచేవాళ్లకీ సైకిళ్లకీ ఎర్ర తారు వేసిన దారులు, అంటే రెడ్‌వేలు, ఊరంతా కలిపి 300 కిలోమీటర్లకి పైగా ఉన్నాయి, సైకిలుంటే చాలా పనులు అయిపోతాయి. బోర్డులు నమ్ముకుంటే మాత్రం దారి తప్పుతారు, మొదట్లో ఫోన్లో మ్యాప్ పెట్టుకునే తొక్కండి.