సబ్‌వూఫర్ సంగతి తర్వాత, ముందు డోర్లు చూడండి

అన్నా, సగం వాల్యూమ్ దాటితే కారులో కంపెనీ ఇచ్చిన స్టీరియో పగిలినట్టు మోగుతోంది, డోర్ గడగడమంటోంది, సబ్‌వూఫర్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) పెట్టిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లేటప్పుడు ఒక పని చేయండి. పక్క సీట్లో ఉన్నవాళ్లని మోత వచ్చేచోట డోర్ ప్యాడ్‌ని అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోమనండి. మోత ఆగిందా? అయితే తప్పు స్పీకర్‌ది కాదు, వదులుగా ఉన్న క్లిప్పులది, లోపలి పల్చటి రేకుది. రేకుకి బ్యుటైల్ డ్యాంపింగ్ షీట్ (అదురు తగ్గించే రబ్బరు లాంటి షీట్) అతికిస్తే చాలా తేడా వస్తుంది.

పాట ఇంకా పగులుతుంటే ముందు వైపు డోర్లకి మాత్రం కాంపోనెంట్ స్పీకర్లు (వూఫర్, ట్వీటర్ విడివిడిగా వచ్చేవి) వేయించండి. వెనక స్పీకర్ల మీద డబ్బు తగలేయకండి, స్టీరింగ్ దగ్గర కూర్చునేది మీరే కదా! సైజు 6.5 అంగుళాలేనా, లోతు సరిపోతుందా అన్నది ప్యాడ్ విప్పి కొలిచాకే కొనండి. స్టీరియో మీద 50 వాట్లు అని రాసినా, నికరంగా ఒక్కో ఛానల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, వచ్చేది సుమారు 15-20 వాట్లే. అది చాలకపోతే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న (స్టీరియో స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే) చిన్న 4 ఛానల్ ఆంప్లిఫయర్ (ఆంప్) పెట్టించుకోండి, స్టీరియో మార్చే పని ఉండదు. ఆంప్‌కి వెళ్లే పవర్ వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండాలి.

ఒరిజినల్ వైర్లు మాత్రం కోయనివ్వకండి, వైరు కోయకుండా గుచ్చి కలిపే కప్లర్ అడగండి. నా కారుకి ఒకతను కోసేశాడు, వారంటీకి వెళ్తే ముందు ఆ టేపు చుట్టిన అతుకే చూపించారు.