తూటాలు ఇంట్లో లోడ్ చేసుకుంటే డబ్బు మిగులుతుందా?

అమెరికాలో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి, పేలిన తూటాల ఇత్తడి తొడుగుల్లో (కేసుల్లో) మళ్ళీ మందూ బుల్లెట్టూ పెట్టి తూటాలు సొంతంగా లోడ్ చేసుకుంటే ఆదా అవుతుందా అని అడిగారు. అవదు. తూటాకి ఇంత మిగిలిందని మురిసిపోయి, ఆ మిగిలిన దానికి రెట్టింపు తూటాలు కాలుస్తారు. ప్రెస్సు (నొక్కే యంత్రం), డైలు (కేసుని కొలతకి తెచ్చే అచ్చులు), త్రాసు కొన్న లెక్క ఇంట్లో చెప్పకపోతే మంచిది.

నన్ను ఇందులోకి లాగింది త్రాసే. మా తాతయ్య బంగారం పని చేసేవారు, గురివింద గింజలతో తూచేవారు. తుపాకి మందు తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ అంటే దాదాపు సగం గురివింద గింజ. డెన్వర్‌లో మా గ్యారేజీలో, గాలికి త్రాసు కదులుతుందని ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ గ్రెయిన్‌లో పదో వంతు దాకా సరిచూసేవాణ్ని. మాన్యువల్‌లో రాసిన మోతాదు ఎప్పుడూ దాటలేదు. ఇంకేం, నా అంతవాడు లేడనుకున్నా.

మూడేళ్ల కిందట అక్టోబరులో గన్నిసన్ దగ్గరి కొండలెక్కాం. నాది థర్టీ ఆట్ సిక్స్ రకం రైఫిల్, 180 గ్రెయిన్ల బుల్లెట్. తెలతెలవారుతుండగా మగ ఎల్క్ ఒకటి చెట్ల అంచుకొచ్చి అడ్డంగా నిలబడింది. రెండొందల గజాలు కూడా లేదు. నడిచేటప్పుడు ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉంచుతాను కాబట్టి అప్పుడు బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) ముందుకి తోశా. దాని పిడి కిందికి దిగలేదు! అరచేత్తో గట్టిగా నొక్కా. టక్‌మని చప్పుడైంది గానీ సగంలోనే ఆగింది. ఎల్క్ తల తిప్పి నా వైపు చూసి, తీరిగ్గా చెట్లలోకి నడిచిపోయింది.

నేను లోడ్ చేసిన ఆ ఇత్తడి కేసులు పక్కింటి పెద్దాయన ఇచ్చినవి, ఆయన రైఫిల్‌లో పేలినవి. పేలినప్పుడు కేసు ఆ ఛాంబర్ కొలతకి ఉబ్బుతుంది. డైలో పూర్తిగా నొక్కితేనే దాని భుజం (మెడ కింద సన్నబడే చోటు) వెనక్కి దిగుతుంది. నా డై కాస్త పైకి బిగించి ఉంది. దాంతో కేసు ఒళ్ళు నొక్కుకుపోయి, భుజం ఇంకాస్త ముందుకి జరిగింది. కాగితం మందమంత తేడా, అంతే.

తుపాకి మందు గురించి రాత్రంతా వాదించేవాళ్ళు కేసు గురించి ఒక్క ముక్క చెప్పరు, అదీ నా బాధ. పదో వంతు గ్రెయిన్ సంగతి ఎల్క్‌కి తెలియదండీ. డైలోంచి తీసిన కేసుని, మందూ ప్రైమరూ (మందుని అంటించే చిన్న టోపీ) పెట్టకముందే, మీ రైఫిల్‌లో పెట్టి బోల్టు మూసి చూసుకోండి.

అన్నట్టు, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకే కాదు, తూటా ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ముందు అది చూసుకోండి, ప్రెస్సు తర్వాత కొనొచ్చు.

ఆ సాయంత్రం ఊళ్ళోకి దిగి కంపెనీ తూటాలు ఇరవై కొన్నా. గురి సరిచూసుకోడానికి మూడు పోయాయి. మళ్ళీ ఎల్క్ కనపడలేదు. మిగిలిన పదిహేడూ గ్యారేజీలోనే, త్రాసు పక్కన ఉన్నాయి.