రక్తనాళాలు బాగానే ఉన్నాయన్నారు... మరి పేస్‌మేకర్ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 69. ఈమధ్య నడుస్తుండగా కళ్లు బైర్లు కమ్మి రెండుసార్లు పడిపోయారు. నాడి నిమిషానికి 44 ఉంది. ఎకో నార్మల్, యాంజియోగ్రామ్‌లో ఒక్క బ్లాక్ కూడా లేదు. ఒక రోజంతా హోల్టర్ (గుండె లయను నమోదు చేసే చిన్న పరికరం) పెట్టి చూసి, ‘గుండెలో సహజంగా ఉండే పేస్‌మేకర్ బలహీనపడింది, మెషీన్ పెట్టాలి’ అన్నారు. గుండె బాగున్నప్పుడు ఇదెందుకు? అసలు సహజ పేస్‌మేకర్ అంటే ఏమిటి? మందులతో తగ్గదా? – ఒక పాఠకుడు

జవాబు: బ్లాకులు లేవంటే గుండె కండరానికి రక్తం సరిగ్గా అందుతోందని అర్థం. ఎకో నార్మల్ అంటే ఆ కండరం గట్టిగా ముడుచుకుంటోందని. ఎప్పుడు ముడుచుకోవాలో దానికి చెప్పేది వేరే ఉంది. దాని సంగతి ఈ రెండు పరీక్షల్లోనూ తెలియదు. మీ నాన్నగారి ఇబ్బంది అక్కడే.

గుండె కుడివైపు పై గదిలోకి, తల, చేతుల నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర వచ్చి కలుస్తుంది. సరిగ్గా ఆ కలిసే చోట, గోడ పైపొర కింద, నెలవంకలా వంగిన చిన్న కణజాలం ఉంటుంది. పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లు, మందం ఒకట్రెండు మిల్లీమీటర్లు. ఇదే సైనస్ నోడ్, ఎస్‌ఏ నోడ్ అని కూడా అంటాం. పాఠ్యపుస్తకాల్లో సిరాకర్ణికా కణుపు, లయారంభకం అని చదువుకుని ఉంటారు. గుండెను చేతిలో పట్టుకుని చూసినా చుట్టూ ఉన్న కండరంలో కలిసిపోయి మామూలు కంటికి విడిగా తెలియదు. అందుకే 1907 దాకా దాని జాడే దొరకలేదు. అప్పుడైనా మొదట కనిపించింది మనిషి గుండెలో కాదు. శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆర్థర్ కీత్ దగ్గర పనిచేస్తున్న మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి, నేలలో బొరియలు తవ్వుకుని బతికే మోల్ అనే చిన్న జంతువు గుండెలో దాన్ని గుర్తుపట్టాడు.

మామూలు గుండె కణం కబురు అందేదాకా కదలకుండా ఉంటుంది. సైనస్ నోడ్ కణానికి ఆ ఓపిక లేదు. ఒక స్పందన ముగిసేసరికి కణం లోపలి విద్యుత్ మైనస్ 60 మిల్లీవోల్టుల దగ్గరకు దిగుతుంది. దిగీ దిగగానే సోడియం సన్నగా లోపలికి కారడం మొదలవుతుంది. అలా కొద్దికొద్దిగా పెరిగి మైనస్ 40 దగ్గరకు రాగానే కాల్షియం దారులు తెరుచుకుంటాయి, సిగ్నల్ బయల్దేరుతుంది. మళ్లీ మొదటికి. ఇలా రోజుకు దాదాపు లక్షసార్లు. సోడియం కారే ఆ దారికో విచిత్రమైన గుణం ఉంది. సాధారణంగా ఇలాంటి దారులు కణంలో విద్యుత్ పెరిగినప్పుడు తెరుచుకుంటాయి, ఇది తగ్గినప్పుడు తెరుచుకుంటుంది. ఈ తిరకాసు చూసి శాస్త్రవేత్తలు దానికి ‘ఫన్నీ కరెంట్’ అని పేరు పెట్టారు. సరదాకి చెప్పడం లేదు, ఇప్పటికీ వైద్య పుస్తకాల్లో అదే పేరు. గుండె వేగం తగ్గించే ఇవాబ్రడిన్ మాత్ర పనిచేసేది ఆ దారి మీదే.

నోడ్‌లో పుట్టిన సిగ్నల్ పై గదులంతా పాకి, పై, కింది గదుల మధ్య ఉండే ఏవీ నోడ్ అనే మరో చిన్న కణజాలం దగ్గర సెకనులో పదో వంతు ఆగి, కింది గదులకు దిగుతుంది. ఆ కాస్త ఆలస్యంలోనే కింది గదులు పూర్తిగా నిండుతాయి.

ఇక వేగం సంగతి. నరాల ప్రమేయం లేకుండా వదిలేస్తే సైనస్ నోడ్ నిమిషానికి 100 దాకా కొడుతుంది. మనకు విశ్రాంతిలో 70 ఉంటోందంటే మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం కళ్లెం పట్టుకుని ఉందన్నమాట. గుండె మార్పిడి జరిగినవాళ్లకు ఆ నరం తెగిపోతుంది కాబట్టి ఊరికే కూర్చున్నా 90, 100 ఉంటుంది. ఈ కళ్లేన్ని మీరే చూడొచ్చు. బొటనవేలి కింద మణికట్టు మీద నాడి పట్టుకుని నిదానంగా, లోతుగా ఊపిరి పీల్చండి. పీల్చేటప్పుడు కాస్త వేగం, వదిలేటప్పుడు కాస్త నెమ్మది. కుర్రవాళ్లలో బాగా తెలుస్తుంది. చాలామంది దీన్ని చూసి ‘నాడి తప్పుతోంది’ అని టెన్షన్ పడి నా దగ్గరకు వస్తారు. అది ఆరోగ్యమే.

వయసు మీద పడేకొద్దీ నోడ్‌లో పనిచేసే కణాలు తగ్గి, ఆ చోటును పీచులాంటి కణజాలం ఆక్రమిస్తుంది. సిగ్నల్ ఆలస్యంగా పుడుతుంది, ఒక్కోసారి పుట్టినా బయటకు రాదు. నోడ్ ఆగిపోతే ఏవీ నోడ్ ప్రాంతం 40 నుంచి 60 వేగంతో, అదీ లేకపోతే కింది గదులు 20 నుంచి 40 వేగంతో పని అందుకోవాలి. అయితే పై నోడ్ దెబ్బతిన్నవాళ్లలో చాలాసార్లు ఈ కింది ఏర్పాటు కూడా మందకొడిగానే ఉంటుంది. అది తేరుకునేలోపు మెదడుకు రక్తం తగ్గి మనిషి కూలిపోతాడు.

హోల్టర్ రిపోర్టు మీ దగ్గర ఉంటే తీసి చూడండి. గళ్ల కాగితం మీద గీత ఉంటుంది. సాధారణ వేగంతో తీసిన కాగితంలో ఐదు పెద్ద గళ్లు అంటే ఒక సెకను. కొండల్లా లేచే గీతల మధ్య ఒకచోట 15 పెద్ద గళ్లో, 20 పెద్ద గళ్లో ఖాళీ గీత కనిపిస్తే, అంతసేపు, అంటే మూడు నాలుగు సెకన్లు, గుండె ఆగి ఉందన్నట్టు. మీ డాక్టరు గారు నిర్ణయానికి వచ్చింది బహుశా అలాంటి గీత చూసే. డాక్టర్ దగ్గర ఐదు నిమిషాల్లో తీసిన ఈసీజీకి అది దొరక్కపోవచ్చు.

44 అనే అంకె ఒక్కటే అయితే నేను ఇంత మాట అనేవాణ్ని కాదు. రోజూ పరుగెత్తేవాళ్లకు 45 ఉన్నా మంచిదే, గాఢనిద్రలో ఎవరికైనా తగ్గుతుంది. సైనస్ నోడ్ జబ్బులో ‘ఇంతకంటే తగ్గితే పేస్‌మేకర్’ అనే గీత ఏదీ లేదు. కళ్లు తిరగడం, పడిపోవడం, నాలుగు అడుగులకే నీరసం... ఇవి నెమ్మదించిన నాడి వల్లే అని తేలాలి. తేలితే వాయిదా వేయకూడదు.

ఒప్పుకునే ముందు మాత్రం ఒక పని చేయండి. ఆయన వాడే మందులన్నీ ఒక సంచిలో వేసి డాక్టర్ ముందు పెట్టండి. బీపీకి అటెనలాల్, మెటోప్రొలాల్, డిల్టియాజెమ్ లాంటివి నోడ్‌ను నెమ్మదింపజేస్తాయి. అందరూ మరిచిపోయేది కంటి చుక్కల మందు. గ్లాకోమాకు వేసే టిమోలాల్ చుక్కలు రక్తంలో కలిసి నాడిని తగ్గించగలవు. ‘మాత్రలేం వాడుతున్నారు’ అని అడిగితే చుక్కల సంగతి ఎవరూ చెప్పరు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, పొటాషియం పెరిగినా ఇలాగే అవుతుంది. అవన్నీ చూశాకే మెషీన్ మాట. మందులు మీ అంతట మీరు ఆపకండి, ఉన్నట్టుండి ఆపితే మరో ప్రమాదం.

మరి మందులతో తగ్గదా అన్నారు. ఇలాంటి కారణమేదీ దొరక్కపోతే, అరిగిపోయిన నోడ్‌ను తిరిగి బలపరిచే మాత్ర లేదు. పేస్‌మేకర్ గుండెను ఎప్పుడూ తోస్తూ ఉండదు. ప్రతి స్పందననూ గమనిస్తూ, రావలసినది రాకపోతేనే తానొకటి ఇస్తుంది. సాధారణంగా కాలర్‌బోన్ (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక) కింద చర్మంలో చిన్న కోతతో, ఆ చోటు మాత్రమే మొద్దుబార్చి పెడతారు. బ్యాటరీ ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుంది. ప్రపంచంలో మొదటిసారి 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్‌కు దీన్ని శరీరం లోపల పెట్టారు. ఆ తర్వాత ఇరవైకి పైగా మెషీన్లు మార్చుకుంటూ ఆయన 2001 దాకా బతికారు.

పెట్టే రోజు వచ్చేదాకా నాన్నగారిని బండి నడపనివ్వకండి. మెట్ల మీద ఒంటరిగా వదలొద్దు, బాత్‌రూమ్‌కు వెళ్తే లోపల గడియ పెట్టుకోవద్దని చెప్పండి. మళ్లీ స్పృహ తప్పితే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, హోల్టర్ కాగితాలు వెంట ఉంచుకోండి.