సైకస్ పెంచేటప్పుడు మొవ్వు మీద కన్నుంచాల్సిన రోజులు

చి.సౌ. మాధవికి, పెదనాన్న ఆశీస్సులు.

గేటుకు అటూ ఇటూ సైకస్ మొక్కలు పెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చూడ్డానికి ఈతచెట్టు పోలికే గానీ ఇది ఆ జాతి కాదు. పువ్వు పూయదు, శంకువు పెడుతుంది. గులాబీలా ఏడాది పొడుగునా చిగుర్లూ వేయదు. ఏడాదికోసారి, మన ఎండలకు ఒక్కోసారి రెండుసార్లు, మొవ్వులోంచి మట్టలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. అవి ముదరడానికి నెలా నెలన్నర పడుతుంది. అప్పుడు తగిలిన దెబ్బ మానదు, ఆ మట్ట ఉన్నన్నాళ్లూ కనిపిస్తూనే ఉంటుంది. అందుకే మిగతా కాలమంతా దాన్ని దాని మానాన వదిలేసినా, ఆ రోజుల్లో మాత్రం రోజూ ఒకసారి చూడు.

ముందు నాటే సంగతి. మీది నల్లరేగడి కాబట్టి నేలమట్టానికి గొయ్యి తీసి పెట్టొద్దు, వానాకాలం నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. జానెడు ఎత్తు దిబ్బ పోయించు. ఎర్రమట్టి, దొడ్డు ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, మొక్కకు గుప్పెడు వేపపిండి వెయ్యి. దుంపలాంటి కాండం సగానికి పైగా మట్టి పైనే ఉండాలి. మొవ్వులో మట్టి గానీ ఎరువు గానీ పడనీయకు. వేలు రెండు అంగుళాలు లోపలికి గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పొయ్యి. ఈ మొక్క ఎండకంటే తడికే ఎక్కువ చస్తుంది. మొదలు దగ్గర నొక్కితే మెత్తగా దిగబడిందంటే కుళ్లు పట్టినట్టే. నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను ఒక్కసారిగా పడమటి ఎండలో పెట్టకుండా, రెండు వారాలు కాస్త కాస్తగా అలవాటు చెయ్యి. మొక్క ఇంకా కుండీలోనే ఉంటే, మట్టలు విచ్చుకుంటున్నప్పుడు కుండీని తిప్పొద్దు, వెలుగు వైపు వంగి వంకరపోతాయి.

ఇక పురుగులు. మొవ్వు ఉబ్బి, లేత మట్టలు నూగుతో పైకి రాగానే చిన్న నీలి సీతాకోకచిలుక ఒకటి చుట్టూ తిరుగుతుంది. చుట్టచుట్టుకుని ఉన్న ఆ లేత ఆకుల మీదే గుడ్లు పెడుతుంది. గొంగళి పురుగు ఆకుపచ్చగానో ముదురు ఎరుపుగానో ఉండి చిగురు రంగులో కలిసిపోతుంది, కంటికి దొరకదు. చీమలను చూడు. ఈ పురుగు ఒంటి నుంచి తీపి రసం వస్తుంది, దానికోసం చీమలు కాపలా కాస్తాయి. మొవ్వు దాకా చీమల బారు కనబడిందంటే ఆ పూటే లోపల వెతకాలి. (పిండినల్లి ఉన్నా చీమలు వస్తాయి, అది తెల్లటి దూదిలా మట్ట మొదళ్లలో ఉంటుంది.) నాలుగైదు రోజులు అశ్రద్ధ చేస్తే ఈనెలు మాత్రమే మిగులుతాయి.

రెండే మొక్కలు కాబట్టి అన్నిటికన్నా మంచి ఉపాయం దోమతెర. చిగురు తల ఎత్తగానే, గుడ్లు పడకముందే, నాలుగు కర్రలు పాతి ఆకులకు తగలకుండా వదులుగా కప్పి కింద కట్టెయ్యి. అప్పటికే పురుగు పడి ఉంటే ఏరేసి, లీటరు నీటికి గ్రాము బీటీ పొడి (గొంగళి పురుగులను చంపే బాక్టీరియా మందు) కలిపి సాయంత్రం కొట్టించు. ఎండకు దాని పస పోతుంది. నాలుగైదు రోజులకోసారి, ఆకు గట్టిపడే వరకు. గట్టిపడ్డాక ఆ పురుగు దాన్ని కొరకలేదు. లేత చిగురు మీద నూనె మందులు మాత్రం వద్దు, మాడిపోతుంది.

రెండోది తెల్ల పొలుసు పురుగు. ఆకు అడుగున సున్నం చల్లినట్టు ఉంటుంది. దీనికి చీమలు రావు కాబట్టి నువ్వే ఆకు తిప్పి చూడాలి. థాయ్‌లాండ్ వైపు నుంచి నర్సరీ మొక్కలతో పాటు వెళ్లిన ఒక రకం 1996లో ఫ్లోరిడాలో, 2003లో పసిఫిక్‌లోని గువామ్ దీవిలో బయటపడి, ఆ దీవి అడవిలోని సైకస్‌లను తుడిచిపెట్టేంత పని చేసింది. అది వేళ్ల మీద కూడా బతుకుతుంది, ఆకులన్నీ నరికేసినా పోదు. కొత్త మొక్కను నెల పైగా దూరంగా ఉంచి చూశాకే పాతవాటి పక్కన పెట్టమనేది అందుకే. పురుగు కనిపిస్తే బాగా పట్టిన మట్టలు కోసి తగలబెట్టించు. పైపుతో ఆకు అడుగు గట్టిగా కడిగించి, లీటరుకు 10 మి.లీ. హార్టికల్చర్ ఆయిల్ (మొక్కల మీద కొట్టే నూనె మందు) కలిపి వారం పది రోజుల తేడాతో మూడు నాలుగుసార్లు అడుగువైపు కొట్టించు, అదీ ముదిరిన ఆకు మీద, సాయంత్రం పూట. మందుల కొట్టువాళ్లు ఇమిడాక్లోప్రిడ్ చేతిలో పెడతారు గానీ ఈ పొలుసు పురుగు మీద అది సరిగా పనిచేయదు. చచ్చినా పొలుసు ఆకును వదలదు కాబట్టి తెలుపు చూసి మళ్లీ మళ్లీ మందు పోయకు. గోటితో నలుపు. తడి తగిలితే బతికుంది, పొడిలా రాలితే చచ్చింది.

ఆకు పసుపెక్కితే అన్నిటికీ పురుగే కారణం అనుకోకు. కొత్త మట్టలే పసుపుగా, ముడుచుకుని, కొసలు ఎండి వస్తుంటే అది మాంగనీస్ లోపం. సున్నం ఎక్కువున్న రేగడిలో, చౌడు బోరునీళ్లతో తరచూ వస్తుంది. చిన్న మొక్కకు 30 గ్రాముల మాంగనీస్ సల్ఫేట్ మొదలు చుట్టూ చల్లి తడుపు. కొట్లో మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే తీసుకోకు, అది పాత మట్టలు పసుపెక్కినప్పుడు వాడేది. చెడిన ఆకు బాగుపడదు, ఫలితం వచ్చే చిగురులోనే తెలుస్తుంది. అందాకా ఆ మట్టలను ఉండనీ. పచ్చదనం మిగిలిన ఆకును కోస్తే మొక్క ఇంకా నీరసిస్తుంది.

పక్కన పిలకలు వస్తే కోసి, ఆకులు తీసేసి, గాయం ఆరేదాకా వారం నీడన ఉంచి ఇసుకలో సగం పూడ్చు. వేళ్లకు నెలలు పడుతుంది, లాగి చూడకు.

మొక్కంతా విషమే, ఎర్రటి గింజలు మరీనూ. లివరు దెబ్బతింటుంది. మీ కుక్కపిల్లను దగ్గరకు రానీయకు, పిల్లలకూ చెప్పు. ఆకు కొసలు సూదుల్లా ఉంటాయి, దారి అంచు నుంచి నాలుగడుగులు లోపలికి నాటించు.

శేషాచలం కొండల్లో పుట్టే పెరితను ఎవరైనా తవ్వి తెచ్చి అమ్మజూపితే కొనకు. మరెక్కడా లేని సైకస్ అది, అంతర్జాతీయ వ్యాపారంలో కూడా నిషేధం ఉన్న జాతి. నర్సరీలో పెంచిన మామూలు జపాన్ సైకస్ నీ గేటుకు చాలు.

అల్లుడుగారికి, పిల్లలకు ఆశీస్సులు. మొవ్వు ఉబ్బినప్పుడు ఫొటో పంపు, దోమతెర ఎంత ఎత్తు కావాలో చెబుతాను.

మీ పెదనాన్న