తొలగింపు వార్త చెబుతూ విచారం తెలిపితే చిక్కులు వస్తాయా?

ప్రశ్న: నేను ఒక సంస్థలో హెచ్‌ఆర్ బాధ్యతలు చూస్తున్నాను. ఖర్చు భారం పెరిగిందని 12 మందిని తొలగించాలని యాజమాన్యం నిర్ణయించింది. ఆ సంగతి వారికి నేనే చెప్పాలి. రాసిచ్చిన కాగితం చదవడమే తప్ప విచారం తెలిపే మాట అనవద్దని, అంటే అదే రేపు సాక్ష్యమవుతుందని పైవారు హెచ్చరిస్తున్నారు. నిజమేనా?

జవాబు: ఆ భయం చాలావరకు అనవసరం. ‘ఈ మాట చెప్పవలసి వచ్చినందుకు బాధగా ఉంది’ అనడం తప్పు ఒప్పుకున్నట్టు కాదు. తొలగింపు చెల్లుతుందా లేదా అన్నది చూపిన కారణాన్ని, పాటించిన పద్ధతిని బట్టి తేలుతుంది. ‘మీకు అన్యాయం చేశాం’ అంటే మాత్రం సంగతి వేరు.

జాగ్రత్త పడవలసింది ఓదార్పు కోసం కల్పించే మాటల విషయంలో. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో ఆమోదించిన 158వ ఒడంబడిక, తొలగింపునకు సరైన కారణాలు ఉద్యోగి సామర్థ్యానికో, ప్రవర్తనకో, సంస్థ నిర్వహణ అవసరాలకో సంబంధించినవై ఉండాలంటుంది. అన్ని దేశాలూ దానిని ధ్రువీకరించలేదు గాని, ఆలోచనకు మంచి ఆధారం. మీది మూడవ కారణం. లేఖలో అదే రాసి, ఎదురుగా కూర్చున్నప్పుడు ‘ఈ మధ్య మీ పని కూడా కాస్త తగ్గింది కదా’ అని నోరు జారితే, అసలు కారణం ఏదని అడిగే హక్కు ఉద్యోగికి మీరే ఇచ్చినట్టవుతుంది. ‘పిల్లలు చిన్నవాళ్లు, కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండవచ్చు’ అన్న పరామర్శ ఇంకా ప్రమాదకరం. కుటుంబ బాధ్యతలు, గర్భం తొలగింపునకు కారణం కారాదని ఆ ఒడంబడిక 5వ అధికరణం స్పష్టంగా చెబుతుంది. పరిస్థితి బాగుపడగానే తిరిగి తీసుకుంటామన్న హామీ కూడా, నిలబెట్టుకునే అధికారం మీకు లేకపోతే, ఇవ్వకండి.

కాబట్టి విషయాన్ని మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పి, ఆఖరి పనిదినం, నోటీసు కాలం, పరిహారం, బకాయిలు చేతికందే తేదీ కాగితం మీద ఇచ్చి, ఆ తరువాత వారు మాట్లాడితే వినండి. తెలియని ప్రశ్నకు కనుక్కొని చెబుతాననండి, చెప్పండి కూడా.

ఇక పరిహారం తీసుకుని దావా వేయబోనని ఉద్యోగి రాసిచ్చే సెటిల్‌మెంటు పత్రం ఉంటే ఆ గదిలోనే సంతకం అడగవద్దు. అమెరికాలో సామూహిక తొలగింపుల్లో 40 ఏళ్లు, ఆపైన వయసున్నవారు వయోవివక్ష దావా హక్కు వదులుకోవాలంటే, ఆలోచించుకోవడానికి కనీసం 45 రోజులు, సంతకం చేశాక మనసు మార్చుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. మీకు వర్తించే చట్టం అంత గడువు అడగకపోయినా, కొన్ని రోజులు ఇచ్చి తీసుకున్న సంతకాన్ని ఒత్తిడితో చేయించారని తరువాత ఆక్షేపించడం కష్టమవుతుంది.